కెమిస్ట్రీ చదివినోడికి పీయూష గ్రంథితో పనేంటి? చో హావో లీ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

నాగావళి గట్టు (ఆమదాలవలస)
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా పిన్నికి రెండో కాన్పు అయి పదకొండేళ్ళు. ఆ కాన్పులో రక్తం బాగా పోయిందట, నాలుగు సీసాలు ఎక్కించారట. పిల్లాడికి ఒక్కరోజు కూడా పాలు పడలేదు. "కొందరికి అంతేలే" అని డబ్బా పాలు పట్టారు. తర్వాత నెలసరి రాలేదు. ఎప్పుడూ నీరసం. ఏప్రిల్‌లో కూడా దుప్పటి కప్పుకునేది. కనుబొమలు పలచబడిపోయాయి. ఎక్కడ చూపించినా రక్తం తక్కువని ఐరన్ మాత్రలు, టానిక్కులు రాసేవారు. మొన్న సంక్రాంతికి రెండ్రోజులు వాంతులై స్పృహ తప్పింది. సోడియం 112 అని తేలాక విశాఖ తీసుకెళ్ళాం.

అక్కడ ఎంఆర్ఐ తీసి, పీయూష గ్రంథి (పిట్యూటరీ) ఉండాల్సిన గుంట దాదాపు ఖాళీగా ఉందన్నారు. ఇప్పుడు రోజూ హైడ్రోకార్టిజోన్, థైరాయిడ్ మాత్ర. పది రోజుల్లో మనిషి మారిపోయింది. నిన్న పెసరట్టు తనే పోసింది. మా చిన్నాన్న వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

అసలు విషయానికొస్తాను. అక్కడి డాక్టరు గారు నన్ను ఏం చదివావని అడిగారు. ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ అన్నాను. "అయితే చో హావో లీ గురించి చదువు, ఆయనా నీలాంటి కెమిస్టే, జీవితమంతా ఈ గ్రంథి మీదే ఉన్నాడు" అన్నారు. నేను ఆ పేరు వినడం అదే మొదలు. మా సిలబస్‌లో ఎక్కడా లేదు.

ఇంకోపక్క పైడిభీమవరం మందుల కంపెనీలో క్యూసీ (నాణ్యత తనిఖీ) ఉద్యోగం దాదాపు ఖాయమైంది. చేరిపొమ్మని ఇంట్లో గొడవ. నాకేమో పీహెచ్‌డీ మీదే మనసు. కెమిస్ట్రీ నుంచి వైద్యం వైపు నిజంగా దారి ఉంటుందా, లేక డాక్టరు గారు మాటవరసకి అన్నారా?

—

మూడు లాంతర్లు (విజయనగరం)
ఆదివారం, రాత్రి 10:55

నాయనా, ముప్పయ్యేళ్ళు కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. నీ డాక్టరు మాటవరసకి అనలేదు.

లీ 1913లో చైనాలోని గ్వాంగ్‌జౌలో పుట్టాడు. నాన్‌జింగ్‌లో డిగ్రీ చేసి 1935లో అమెరికా వెళ్ళాడు. 1938లో బర్క్‌లీలో పీహెచ్‌డీ. అది హార్మోన్ల మీద కాదు, శుద్ధ భౌతిక, కర్బన రసాయనం. అంటే నీకన్నా ఎక్కువగా ఏమీ వైద్యం తెలిసినవాడు కాదన్నమాట. అప్పుడు అదే ఊళ్ళో హెర్బర్ట్ ఇవాన్స్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఉండేవాడు. విటమిన్ ఇ కనిపెట్టింది ఆయనే, 1922లో. పశువుల పిట్యూటరీ రసం ఎక్కిస్తే ఎలుకలు మామూలు కన్నా పెద్దగా పెరుగుతాయని చూపించిందీ ఆయనే. అయితే ఆ రసంలో ఏముందో ఎవరికీ తెలీదు. పెరిగేదీ, పాలు పడేదీ, అండాశయాన్ని కదిలించేదీ, అడ్రినల్ గ్రంథిని తట్టిలేపేదీ అన్నీ ఒక్క ముద్దలోనే ఉన్నాయి. దాన్ని విడదీయడానికి ఇవాన్స్‌కి కెమిస్ట్ కావలసి వచ్చాడు. లీ చేరాడు.

ఆ గ్రంథి మన తలలో బఠాణీ గింజంత. బరువు అర గ్రాము, ఆపైన కాస్త. ముక్కు మొదలు వెనకాల, పుర్రె అడుగున చిన్న గుంటలో మెదడుకి వేలాడుతూ ఉంటుంది. దాని మీద ఒక మనిషి 1938 నుంచి 1987లో పోయేదాకా, సుమారు యాభై ఏళ్ళు పనిచేశాడు. వెయ్యికి పైగా పేపర్లు. 1940లో ఎల్‌హెచ్ (అండాశయాన్ని కదిలించేది), 1943లో ఏసీటీహెచ్ (అడ్రినల్‌ని తట్టిలేపేది), 1944లో పశువుల గ్రోత్ హార్మోన్, 1949లో ఎఫ్ఎస్‌హెచ్ (ఇదీ అండాశయానిదే). ముందు భాగంలోంచి వచ్చే హార్మోన్లలో చాలావాటి పక్కన ఆయన పేరు ఉంటుంది.

మీ పిన్నికి లేనివి సరిగ్గా ఇవే. ఏసీటీహెచ్ లేకపోవడంతో అడ్రినల్ తయారుచేసే కార్టిసాల్ లేదు. థైరాయిడ్‌ని నడిపే టీఎస్‌హెచ్ లేకపోవడంతో థైరాయిడ్ హార్మోన్ లేదు. ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ లేక నెలసరి లేదు. ప్రొలాక్టిన్ లేక పాలు లేవు. ఆ ముద్దని విడగొట్టి ఒక్కోదానికీ ఒక్కో పేరు పెట్టినవాళ్ళు ఉండబట్టే నీ డాక్టరు ఇవాళ చీటీ మీద ఏమేం లేవో రాయగలిగాడు.

రాత్రయింది. మిగతాది రేపు.

—

షిఫ్ట్ బి (పైడిభీమవరం)
సోమవారం, ఉదయం 6:20

కంపెనీ బస్సులో కూర్చుని రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి.

తమ్ముడూ, నేను ఇక్కడ తొమ్మిదేళ్ళుగా క్యూసీలోనే ఉన్నాను. క్యూసీ అంటే చిన్నచూపు చూడకు. మాస్టారు చెప్పిన లీ గురించి నిన్న రాత్రి నేనూ కొంచెం చదివాను. ఆయన చేసిందాంట్లో సగం మేం రోజూ చేసేదే. ఇది శుద్ధమా కాదా, అంతే. మా హెచ్‌పీఎల్‌సీలో (కలిసినవాటిని విడదీసి చూపే మిషన్) శాంపిల్ ఎక్కించాక తెర మీద ఒకే శిఖరం రావాలి. పక్కన చిన్న బుడిపె కనిపించిందా, బ్యాచ్ ఆగిపోతుంది, ఫోన్లు మొదలవుతాయి, అందరికీ టెన్షన్. ఆయన కాలంలో హెచ్‌పీఎల్‌సీ లేదు. ఎలక్ట్రోఫోరెసిస్‌లో కరెంటు పెడితే ఒకే పట్టీగా కదులుతోందా, అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఒకే హద్దుగా దిగుతోందా అని చూసేవారు.

నాకు బాగా నచ్చింది వేరే. ఏ మిషన్ ఏం చెప్పినా చివరి మాట ఎలుకదే. పిల్ల ఎలుకకి గొంతు పక్కనుంచి ఆపరేషన్ చేసి పిట్యూటరీ తీసేస్తారు. అది ఎదగదు. దానికి శుద్ధి చేసిన పదార్థం నాలుగు రోజులు ఇచ్చి, కాలి పెద్ద ఎముక కోసి, పై చివర మృదులాస్థి పట్టీ ఎంత మందమైందో మైక్రోస్కోప్ కింద కొలుస్తారు. పట్టీ పెరిగితే ఆ సీసాలో గ్రోత్ హార్మోన్ ఉన్నట్టు. 1949లో లీ, ఇవాన్స్ వాళ్ళ బృందమే ఈ పరీక్ష పద్ధతి రాశారు. అంటే కెమిస్ట్ ఒక్కడే గదిలో తలుపేసుకుని చేసింది కాదు. పక్క గదిలో ఎలుకలకి ఆపరేషన్ చేసే చేతులు లేకపోతే లీకి తన సీసాలో ఏముందో తెలిసే దారే లేదు.

బస్సు గేటు దగ్గరికొచ్చింది. ఫోన్ లోపలికి పోనివ్వరు. సాయంత్రం చూస్తా.

—

జీడితోట (పలాస)
సోమవారం, ఉదయం 8:05

మంచి చర్చ. నాదో ప్రశ్న, నవ్వకండి. మా అబ్బాయికి పంతొమ్మిది. కానిస్టేబుల్ సెలెక్షన్‌కి ఎత్తు 167.6 సెంటీమీటర్లు కావాలి. వీడు 165 దగ్గర ఆగిపోయాడు. జిమ్‌లో ఎవడో గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు వేయించుకుంటే మూడు నెలల్లో పెరుగుతావన్నాడట. రేటు వింటే గుండె జారింది గానీ, తోట మీద అప్పు తెచ్చి అయినా వేయిద్దామా అనుకుంటున్నాం. ఆ లీ గారి మందేనా ఇది?

—

హౌస్ సర్జన్ గోల (శ్రీకాకుళం)
సోమవారం, ఉదయం 8:31

జీడితోట గారూ, దయచేసి వేయించకండి. అప్పసలే వద్దు.

ఎముకల చివర మృదులాస్థి పట్టీ ఉంటుందని పైన షిఫ్ట్ బి అన్న రాశారు కదా, మనుషుల్లో అది యవ్వనం పూర్తయ్యేసరికి గట్టి ఎముకగా మారి మూసుకుపోతుంది. మూసుకున్నాక ఎంత హార్మోన్ పోసినా ఎత్తు ఒక్క మిల్లీమీటరు పెరగదు. పెరిగేవి చేతులు, పాదాలు, దవడ, ముక్కు. దాన్నే ఆక్రోమెగలీ అంటాం. షుగర్ కూడా వస్తుంది. చేతి ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూపించండి, చాలు. ఇది నిజంగా హార్మోన్ లోపం ఉన్న చిన్నపిల్లలకి, పట్టీలు తెరిచి ఉండగానే, పరీక్షలు చేసి ఇచ్చే మందు. జిమ్‌లో దొరికే సీసాలో ఏముందో ఆ అమ్మేవాడికి కూడా తెలీదు.

నాగావళి గట్టూ, మీ పిన్నిగారిది షీహన్స్ సిండ్రోమ్. 1937లో గ్లాస్గోలో హెరాల్డ్ షీహన్ అనే పాథాలజిస్ట్ వివరించాడు. గర్భంతో ఉన్నప్పుడు ఆ గ్రంథి ఉబ్బుతుంది గానీ దానికి రక్తం తెచ్చే ఏర్పాటు మాత్రం పెద్దగా పెరగదు. కాన్పులో రక్తం ఎక్కువ పోయి బీపీ పడిపోతే ముందు ఎండిపోయేది అదే. పాలు పడకపోవడం మొదటి గుర్తు. మాకు పరీక్షల్లో పదే పదే అడుగుతారు, అయినా ఓపీలో ఎదురుగా కూర్చున్న మనిషిలో గుర్తుపట్టేసరికి ఏళ్ళు గడిచిపోతున్నాయి. "బాలింతవి కదా, నీరసం ఉంటుందిలే" అనేస్తారు. నేనూ ఒకసారి అన్నాను, తర్వాత చాలా సిగ్గుపడ్డాను.

—

జీడితోట (పలాస)
సోమవారం, ఉదయం 8:50

ఓలమ్మో. బాగా చెప్పారు డాక్టరు గారూ. వాడికి ఈ పోస్టే చూపిస్తాను. నేను చెప్తే వినడు.

—

ముక్కుసూటి (బొబ్బిలి)
సోమవారం, మధ్యాహ్నం 1:15

అందరూ లీని నెత్తినెత్తుకుంటున్నారు, నేను కాస్త నీళ్ళు చల్లుతాను.

మనిషి గ్రోత్ హార్మోన్‌లో అమైనో ఆమ్లాల (ప్రొటీన్ గొలుసులోని పూసల) వరస ఇదీ అని 1966లో ఆయన ప్రకటించాడు. 188 అన్నాడు. తప్పు. తర్వాత 1970లో ఆ వరస ప్రకారమే ల్యాబ్‌లో తయారు చేశానన్నాడు. పేపర్లన్నీ మోత మోగించాయి, ఇక పొట్టివాళ్ళుండరు అన్నంత హడావిడి. 1971లో బాస్టన్‌లో హ్యూ నియాల్ మళ్ళీ చూసి వరసలో ఒక ముక్క వేరే చోట ఉండాలని పట్టుకున్నాడు. అసలు సంఖ్య 191. అంటే లీ తయారు చేసింది గ్రోత్ హార్మోన్ కాదు, దాని పోలికలున్న ఇంకేదో. అసలుదానిలో పదో వంతు పని చేసిందంతే.

ఏసీటీహెచ్ కూడా అంతే. 1943లో శుద్ధమైన ప్రొటీన్, అణుభారం సుమారు 20,000 అన్నారు. తీరా చూస్తే అసలు హార్మోన్ 39 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, అణుభారం 4,500 దగ్గర. శుద్ధం శుద్ధం అని మా షిఫ్ట్ బి పొగిడిన శుద్ధం ఇదన్నమాట.

—

షిఫ్ట్ బి (పైడిభీమవరం)
సోమవారం, సాయంత్రం 7:10

ముక్కుసూటీ, నీ పేరుకి తగ్గట్టే ఉంది. తప్పు తప్పే, కాదనను. కానీ ఒక మాట. నా దగ్గరికొచ్చే శాంపిల్‌లో ఏముండాలో నాకు ముందే తెలుసు. పక్కన స్టాండర్డ్ సీసా ఉంటుంది, దానితో పోల్చుకుంటాను. ఆయన దగ్గర స్టాండర్డ్ లేదు. ఆయన తీసేదే స్టాండర్డ్. 188, 191 తేడా ఎలా పట్టుకున్నారు? ఆయన వేసిన పటం ఎదురుగా ఉంది కాబట్టి.

—

మూడు లాంతర్లు (విజయనగరం)
సోమవారం, రాత్రి 8:45

ముక్కుసూటి చెప్పిన వాస్తవాలు సరైనవే. దానికి ఇంకో వాక్యం చేరాలి. 1971లోనే లీ తన సహచరుడు డిక్సన్‌తో కలిసి మళ్ళీ పరీక్షించి, వరస సరిదిద్ది, తన పేరు మీదే అచ్చువేశాడు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, లోకమంతా చప్పట్లు కొట్టిన ఏడాదిలోపే. నేను పాఠం చెప్పిన రోజుల్లో బోర్డు మీద సమీకరణం తప్పు వేసి ఒక కుర్రాడు లేచి చెబితే, ఆ గంటంతా వాడి మీద కోపంగా ఉండేవాణ్ణి. కాబట్టి ఆ పని ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇక గ్రోత్ హార్మోన్ కథలో మనవాళ్ళు తెలుసుకోవలసింది ఇంకోటుంది. పంది, ఆవు ఇన్సులిన్ మనిషికి పనిచేసింది కదా, గ్రోత్ హార్మోన్ కూడా అలాగే అవుతుందని అందరూ అనుకున్నారు. పశువులది ఎంత ఎక్కించినా పిల్లలు పెరగలేదు. ఎందుకు? మనిషిదీ, కోతిదీ వేరే ఆకారం. 1956లో లీ, పాప్‌కాఫ్ మనిషి గ్రంథిలోంచి దాన్ని విడిగా తీశారు. 1958లో మారిస్ రాబెన్ అనే డాక్టరు ఎదుగుదల లేని ఒక కుర్రాడికి మనిషి హార్మోన్ ఇచ్చి పెరిగాడని రాశాడు. ఆయన కూడా కెమిస్ట్రీ చేతపట్టిన డాక్టరే, గ్రంథుల్ని వేడి ఎసిటిక్ ఆమ్లంలో ఉడికించి తీసేవాడు.

మరి మనిషి గ్రంథులు ఎక్కణ్ణుంచి వస్తాయి? శవాల నుంచే. ఒక్కో గ్రంథిలో దొరికేది కొన్ని మిల్లీగ్రాములు. పోస్ట్‌మార్టం గదుల నుంచి పోగుచేయడానికి అమెరికాలో ప్రత్యేకంగా ఒక సంస్థే పెట్టారు. దాదాపు పాతికేళ్ళు అలా నడిచింది. ఆ ఇంజెక్షన్లు తీసుకున్న కొందరు యువకులు క్రాయిట్స్‌ఫెల్ట్ జాకబ్ అనే మెదడు జబ్బుతో చనిపోయారని 1985లో తేలింది. గ్రంథుల్లోంచి వచ్చిన దోషం అది, ఏళ్ళ తర్వాత బయటపడింది. వెంటనే ఆపేశారు. అదే ఏడాది అక్టోబరులో బాక్టీరియాతో తయారు చేసిన హార్మోన్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ జన్యువుని 1979లో క్లోన్ చేసినవాళ్ళలో ఒక జట్టు శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలోదే. లీ ల్యాబ్ కూడా 1967 నుంచి అక్కడే. ఆయన గొలుసు కుట్టుకుంటూ ఉన్న ప్రాంగణంలోనే, ఆ పని సూక్ష్మజీవి చేసేసింది. ఎలా అనిపించిందో పాపం.

—

కోల్డ్ బాక్స్ (సోంపేట వైపు)
సోమవారం, రాత్రి 10:20

నేను ఏఎన్ఎం. ఇంత సైన్స్ నాకు రాదు గానీ మా చేతిలో రోజూ ఉండే పిట్యూటరీ మందు గురించి ఎవరూ రాయలేదే? ఆక్సిటోసిన్. బిడ్డ బయటకి రాగానే తల్లి తొడకి 10 యూనిట్లు. గర్భసంచి రాయిలా గట్టిపడాలి, పొట్ట మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. గట్టిపడిందా, అమ్మయ్య అనుకుంటాం. మెత్తగా ఉందంటే నా ఒళ్ళు చల్లబడిపోతుంది, 108కి ఫోన్ చేయమని ఆయాని కేకేస్తాను. ఆ తమ్ముడి పిన్నికి ఆ రోజు జరిగింది ఇదే అయుంటుంది.

ఆ ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తిత్లీ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఐసు కోసం ఎక్కడెక్కడ తిరిగామో. వేడి తగిలితే మందు చూడ్డానికి నీళ్ళలా అలాగే ఉంటుంది, బలం పోతుంది.

ఇంకోటి. ఇదే మందుని పాలు చేపడానికి గేదెలకి పొడుస్తున్నారు చాలా చోట్ల. సందులో కొట్టువాడి దగ్గర పేరు లేని సీసాలు. అది నేరం, ఎవరైనా చూస్తే చెప్పండి.

—

మూడు లాంతర్లు (విజయనగరం)
మంగళవారం, ఉదయం 5:50

అమ్మా, మంచి మాట గుర్తు చేశావు. నీ చేతిలో ఉన్నదాని వెనక లీ కాదు, ఇంకో కెమిస్ట్. విన్సెంట్ డూ వినో, షికాగోలో పుట్టినవాడు. ఆయన దారి ఇంకా చిత్రం. వెతికింది హార్మోన్‌ని కాదు, గంధకాన్ని. ఇన్సులిన్‌లో గంధకం ఎందుకుందని మొదలెట్టి, 1927లో దాని మీదే పీహెచ్‌డీ తీసుకుని, ఆ దారంట పోతూ పోతూ పిట్యూటరీ వెనక భాగానికి చేరాడు. ఆక్సిటోసిన్‌లో తొమ్మిది అమైనో ఆమ్లాలు. వాటిలో రెండు సిస్టీన్‌లు, ఆ రెంటి మధ్య గంధకం వంతెన. 1953లో నిర్మాణం తేల్చి, అదే ఏడాది ల్యాబ్‌లో తయారు చేశాడు. ఒక హార్మోన్ గొలుసుని మనిషి కట్టడం అదే మొదలు. 1955లో కెమిస్ట్రీ నోబెల్.

తయారైంది అసలుదే అని ఎలా తెలుసుకున్నారు? మళ్ళీ షిఫ్ట్ బి చెప్పిందే, జీవమే చెప్పాలి. బాలింతలకి ఒక్క మైక్రోగ్రాము నరానికిస్తే ఇరవై ముప్పై సెకన్లలో పాలు చేపుకొచ్చాయని ఆయన నోబెల్ ఉపన్యాసంలో చెప్పాడు. సహజమైనదీ, సీసాలోదీ ఒకేలా.

—

షిఫ్ట్ బి (పైడిభీమవరం)
మంగళవారం, ఉదయం 6:25

కోల్డ్ బాక్స్ అక్కా, నీ ఫ్రిజ్ కష్టానికి కూడా కెమిస్టులే మందు వెతికారు. కార్బెటోసిన్ అని ఉంది. ఆక్సిటోసిన్‌నే అక్కడక్కడ మార్చారు. మాస్టారు చెప్పిన వంతెనలో ఒక గంధకం తీసి కార్బన్ పెట్టారు. దీంట్లో వేడికి ఆగే రకం వచ్చింది, 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. కొద్ది పరమాణువుల మార్పు, అంతే. ఇలాంటివి చూసినప్పుడే నాకు ఈ ఉద్యోగం మీద విసుగు పోతుంది.

—

కోల్డ్ బాక్స్ (సోంపేట వైపు)
మంగళవారం, ఉదయం 7:00

మాదాకా ఎప్పుడొస్తుందో చెప్పు తమ్ముడూ, హారతిస్తాను.

—

వంశధార మలుపు (కవిటి)
మంగళవారం, మధ్యాహ్నం 12:40

ఇటువైపు సంగతి ఒకటి. మాది ఉద్దానం. ఇక్కడ ఎవరికి మూత్రం తేడా వచ్చినా ముందు కిడ్నీ భయమే. మా ఎదురింటి కుర్రాడు రోజుకి పది లీటర్ల నీళ్ళు తాగేవాడు, రాత్రి ఏడెనిమిదిసార్లు లేచేవాడు. క్రియాటినిన్ బాగుంది, షుగర్ లేదు. అయినా వాళ్ళమ్మ ఏడుపు ఆపలేదు, ఆ కుర్రాడి నాన్న డయాలసిస్‌లోనే పోయాడు మరి. చివరికి డయాబెటిస్ ఇన్సిపిడస్ అన్నారు. ముక్కులో కొట్టుకునే స్ప్రే ఇచ్చారు. మొదటిరోజు రాత్రి వాడు తెల్లారేదాకా నిద్రపోతే వాళ్ళమ్మ భయపడి ఊపిరాడుతోందా అని చూసిందట. ఇది కూడా ఆ గ్రంథిదేనా?

—

హౌస్ సర్జన్ గోల (శ్రీకాకుళం)
మంగళవారం, మధ్యాహ్నం 3:05

అదే గ్రంథి, వెనక భాగం. వాసోప్రెసిన్ లోపం. నీటిని పట్టి ఉంచమని కిడ్నీకి చెప్పే హార్మోన్ అది. ఆక్సిటోసిన్‌కీ దీనికీ తొమ్మిదిలో రెండే అమైనో ఆమ్లాల తేడా, ఒకటి గర్భసంచిని పట్టుకుంటుంది, ఇంకోటి నీళ్ళని. డూ వినో దీన్ని కూడా తేల్చాడు. ఆ స్ప్రేలో ఉండేది డెస్మోప్రెసిన్, 1967లో ప్రాగ్‌లో కెమిస్టులు వాసోప్రెసిన్‌ని కొంచెం మార్చి చేసింది. బీపీ పెంచే గుణం దాదాపు పోయింది, నీళ్ళు పట్టే గుణం మిగిలింది. ఒక హెచ్చరిక: స్ప్రే వాడుతూ అలవాటు కొద్దీ పది లీటర్లు తాగితే సోడియం పడిపోతుంది. దాహం వేస్తేనే తాగమనండి.

రైతులెవరైనా చదువుతుంటే ఇంకోటి కూడా. రక్తపింజరి కాటు నుంచి బయటపడ్డవాళ్ళలో కొందరికి పిట్యూటరీ దెబ్బతింటుంది. బర్మాలోనూ మన దేశంలోనూ డాక్టర్లు రాశారు. కాటు తగ్గిన నెలలకో ఏళ్ళకో నీరసం, బీపీ తక్కువ, గడ్డం మీసం పలచబడటం ఉంటే ఆ పాత కాటు సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. వాళ్ళంతట వాళ్ళు అడగరు.

—

ముక్కుసూటి (బొబ్బిలి)
మంగళవారం, రాత్రి 9:30

సరే, నిన్న చల్లిన నీళ్ళకి ఇవాళ కొంచెం పరిహారం. లీ గురించి ఇంకా చదివాను. ఒంటెల కథ మీలో ఎవరికీ తెలిసినట్టు లేదు.

1964లో గొర్రె పిట్యూటరీలో ఆయనకి లైపోట్రోపిన్ అనే కొత్త గొలుసు దొరికింది. 91 అమైనో ఆమ్లాలు. కొవ్వుని కరిగిస్తుందనుకున్నాడు, అసలు పనేంటో స్పష్టంగా తేలలేదు. ఒంటె ఒంట్లో కొవ్వు తక్కువ కదా, దాంట్లో ఇది ఎలా ఉంటుందో చూద్దామని ఇరాక్ విద్యార్థి ద్వారా ఎండబెట్టిన ఒంటె గ్రంథులు తెప్పించాడు. వెతికితే లైపోట్రోపిన్ దొరకలేదు. దాని తోకలోని 31 అమైనో ఆమ్లాల ముక్క మాత్రం దొరికింది. కొవ్వు మీద దాని ప్రభావం శూన్యం. పక్కన పెట్టేశాడు.

1975 చివర్లో స్కాట్లాండ్‌లో హ్యూస్, కోస్టర్లిట్జ్ పంది మెదడులో నల్లమందులా పనిచేసే చిన్న ముక్కలు కనిపెట్టి, వాటి వరస ప్రకటించారు. ఐదే అమైనో ఆమ్లాలు. అందులో ఒకదాని వరస, లీ పక్కన పెట్టిన ముక్క మొదటి ఐదూ ఒకటే! తీసి పరీక్షిస్తే నొప్పిని అణచడంలో మార్ఫిన్‌ని మించిపోయింది. అదే బీటా ఎండార్ఫిన్, 1976. కొవ్వు కోసం వెతికినవాడికి నొప్పి మందు దొరికింది. నిన్న నేను తిట్టిన మనిషేనా అనిపించింది. పని చేయని పదార్థాన్ని కూడా పారేయకుండా లేబుల్ వేసి ఉంచుకున్నాడు చూడండి, నాకు అక్కడ నచ్చాడు.

నోబెల్ మాత్రం రాలేదు. 1962లో లాస్కర్ అవార్డు వచ్చింది. 1977లో పిట్యూటరీ పైన ఉండే హైపోథలామస్ హార్మోన్లకి గియమాఁ, షాలీలకి నోబెల్ ఇచ్చారు. వాళ్ళు లక్షల గొర్రెల, పందుల మెదళ్ళు నూరి మిల్లీగ్రాములు తీసినవాళ్ళు. పోటీపడి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా తీశారు, అది వేరే కథ.

—

జీడితోట (పలాస)
మంగళవారం, రాత్రి 9:50

మనవాళ్ళెవరూ లేరా ఇందులో?

—

మూడు లాంతర్లు (విజయనగరం)
బుధవారం, ఉదయం 5:40

ఉన్నారు. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఎన్.ఆర్. ముద్గల్ అని గొప్ప ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల శాస్త్రవేత్త) ఉండేవారు. 1960ల మొదట్లో లీ దగ్గర పనిచేసి, గొర్రె ఎల్‌హెచ్ మీద ఇద్దరూ కలిసి పేపర్లు రాశారు. అక్కడ నేర్చిన పని ఇక్కడికొచ్చి పెంచారు. జె. రామచంద్రన్ అని ఇంకొకరు లీ ల్యాబ్‌లో ఏసీటీహెచ్ మీద పనిచేసి, తర్వాత బెంగళూరులో పెద్ద ఔషధ పరిశోధనా కేంద్రం నడిపారు.

ఇక తెలుగువాళ్ళు ఎవరని అడిగితే ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు రాకుండా ఉండదు. పిట్యూటరీ కాదు గానీ దారి మాత్రం లీకి తిరగేసింది. ఆయన మద్రాసులో వైద్యం చదివి కెమిస్ట్రీలోకి వెళ్ళారు. రక్తంలో భాస్వరం కొలిచే ఫిస్కే, సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. నేను విద్యార్థులతో చేయించాను. నీలం రంగు వచ్చినప్పుడు "ఇది మన భీమవరం అబ్బాయి నీలం" అనేవాణ్ణి. షిఫ్ట్ బీ, నీది పైడిభీమవరం, పేరులో సగం ఉంది, మిగతా సగం సంపాదించుకో.

నాగావళి గట్టూ, నీ ప్రశ్నకి నా జవాబు: ఉద్యోగంలో చేరు, నెట్ (పరిశోధనకి అర్హత) పరీక్ష రాస్తూ ఉండు. రెండేళ్ళు శుద్ధం చేయడం చేత్తో నేర్చుకుని వెళ్ళినవాడికీ, పుస్తకంతో వెళ్ళినవాడికీ తేడా ఉంటుంది. షిఫ్ట్ బి ఒప్పుకోడేమో.

—

షిఫ్ట్ బి (పైడిభీమవరం)
బుధవారం, ఉదయం 6:30

ఒప్పుకోను మాస్టారూ. రెండేళ్ళంటే తొమ్మిదవుతుంది. నన్ను చూడండి. చదవాలనుంటే ఇప్పుడే పో తమ్ముడూ. నెలనెలా జీతం పడ్డాక కాళ్ళు కదలవు.

—

హౌస్ సర్జన్ గోల (శ్రీకాకుళం)
బుధవారం, ఉదయం 9:15

వీళ్ళిద్దరూ తేల్చుకునేలోపు పిన్నిగారి గురించి ముఖ్యమైనది. హైడ్రోకార్టిజోన్ ఒక్కపూట కూడా ఆపకూడదు. జ్వరం వస్తే డాక్టరు చెప్పినట్టు మోతాదు రెట్టింపు చేయాలి. వాంతులై మాత్ర లోపల ఉండకపోతే ఇంజెక్షన్ కోసం ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. థైరాయిడ్ మాత్ర ఒక్కటే మింగి ఇది మానేస్తే ప్రాణం మీదకి వస్తుంది. ఆవిడ దగ్గర ఎప్పుడూ ఒక కార్డు ఉండాలి. స్పృహ లేనప్పుడు ఆవిడ చెప్పలేదు కదా.

—

నాగావళి గట్టు (ఆమదాలవలస)
గురువారం, రాత్రి 8:20

అందరికీ చాలా థాంక్స్. మాస్టారు ఒకటి, అన్న ఇంకోటి చెప్పారు, ఇంట్లో గొడవ మొదట్లోనే ఉంది. నెట్‌కి ఫీజు కట్టేశాను, ఆఫర్ లెటర్‌కి ఇంకా జవాబివ్వలేదు. సోమవారం దాకా గడువుంది.

కార్డు మాత్రం అయింది. డాక్టరు గారికి ఫోన్ చేసి మాటలు సరిచూసుకున్నాను. ఒకవైపు తెలుగులో, ఒకవైపు ఇంగ్లీషులో: "నాకు పీయూష గ్రంథి పనిచేయదు. రోజూ స్టెరాయిడ్ మాత్ర మీద ఉన్నాను. స్పృహ లేకపోతే, వాంతులవుతుంటే వెంటనే హైడ్రోకార్టిజోన్ 100 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, సెలైన్ ఇవ్వండి." కింద చిన్నాన్న ఫోన్ నంబరు. ఏడు రోడ్ల కూడలి దగ్గర జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించాను, రెండు కాపీలు.

పిన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఫోటో లేదేట్రా" అంది. ఆధార్ కార్డు కవర్లో దూర్చి, రవికెలో పెట్టుకునే చిన్న పర్సులో పెట్టింది. రెండోది ఫ్రిజ్ మీద అంటించాం.